తాలు కాయల పొట్లం కోసం పల్నాడు దాకా

ఉదయం ఆరూ ఇరవైకి మా వీధి కుళాయి ఆగిపోయింది. రెండో బిందె సగమే నిండింది. దాన్ని లోపల పెట్టి, తలుపుకి తాళం వేసి, బ్రాడీపేటలో ఆటో ఎక్కాను. అది రెండు వేల ఐదు ఫిబ్రవరి, గురువారం. సోమవారానికి తిరిగొచ్చాను. ఈ ఐదు రోజుల గురించి రాస్తున్నాను. దారిలో చూడదగ్గవి చాలా ఉన్నాయంటారు. నేను వాటిని చూడలేదు. వినుకొండలో కొండ ఎక్కలేదు. ఒక పొట్లం కోసం వెళ్ళాను.

మా అక్క దయామణి అంతకుముందు సెప్టెంబరులో చనిపోయింది. గుంటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు బాటనీ చెప్పింది. ఇద్దరం పెళ్ళిళ్ళు చేసుకోలేదు, ఒకే ఇంట్లో ఉన్నాం. నేను ఒక శాఖా గ్రంథాలయంలో పని చేస్తాను. జనవరిలో అక్క పేరు మీద హైదరాబాదులోని ఒక ప్రయోగశాల నుంచి ఉత్తరం వచ్చింది. ఆమె లేదని వాళ్ళకి తెలియదు.

సంగతి ఇది. మిరపకి కాయకుళ్ళు తెగులు వస్తుంది. పండిన కాయ మీద మచ్చ పడి, లోపలికి దిగి, ఎండేసరికి కాయ రంగు పోయి తెల్లబడుతుంది. అట్లాంటి కాయల్ని తాలు అంటారు. ఈ కుళ్ళు తెచ్చేది ఒక శిలీంధ్రం, అంటే బూజు లాంటి జీవి. దాని విత్తనాలు మైక్రోస్కోపులో కొడవళ్ళలా కనిపిస్తాయి. ఒక్కటే జాతి అని పుస్తకాలన్నీ రాశాయి. కాదు, ఒకేలా కనిపించే జాతులు రెండున్నాయని అక్క 1987లో ఒక చిన్న పత్రికలో రాసింది. రెండోదానికి పేరు కూడా పెట్టింది. మరియమ్మ అనే కూలిమనిషి పేరు. వినుకొండ అవతల ఒక కల్లంలో తాలుని రెండు కుప్పలుగా ఏరుతూ, ఇది వేరు ఇది వేరు అని అక్కకి చూపించింది ఆమె.

మరుసటి ఏడు సంచికలో ఒక ప్రొఫెసర్ గారు దానికి జవాబు రాశారు. కూలీల మాటలు వర్గీకరణకు ఆధారం కావన్నారు. అంతటితో అది ముగిసిపోయింది. అక్కని స్టాఫ్ రూములో చాలా ఏళ్ళు "ఏమండీ మరియమ్మ గారూ" అని పిలిచారు.

చనిపోవటానికి రెండేళ్ళ ముందు అక్క గుంటూరు మిర్చి యార్డులో తాలు కాయలు ఏరి హైదరాబాదుకి పంపింది. వాళ్ళు ఆ కాయల్లోని శిలీంధ్రం డి.ఎన్.ఏ. తీసి చదివారు. ప్రతి జీవిలోనూ నాలుగే అక్షరాలతో రాసినట్టు ఒక పొడుగాటి వరస ఉంటుందట. కంటికి ఒకేలా ఉన్నా, వేరే జాతి అయితే ఆ వరసలో తేడా దొరికిపోతుందట. దొరికింది. జాతులు రెండు. అక్క చెప్పింది నిజం.

ఉత్తరం అడుగున ఇంకో పేరా ఉంది. అక్క పెట్టిన పేరు నిలవాలంటే, 1987లో ఆమె వర్ణించిన అసలు కాయ ముక్క కావాలి. అందులో డి.ఎన్.ఏ. చూసి, ఇదే అదని తేలాలి. తేలకపోతే ఆ పేరు చెల్లదు, వాళ్ళే కొత్త పేరు పెట్టుకుంటారు. ఫార్మలిన్‌లో నిలవ పెట్టింది పనికిరాదు, మరిగించి రంగు వేసింది పనికిరాదు, తడిసి వేరే బూజు పట్టింది పనికిరాదు.

అక్క నోటుపుస్తకంలో ఒక వాక్యం ఉంది: "ఆ రోజు ఏరిన కాయలు మూడు భాగాలు. కాలేజీకి ఒకటి, బాషా గారికి ఒకటి, మరియమ్మకి ఒకటి."

గుంటూరు

కాలేజీ గేటుకి కొత్త ఆర్చి కట్టారు. బాటనీ గ్రూపు ఎత్తేసి మూడేళ్ళయింది. అక్క గదిలో ఇప్పుడు కంప్యూటర్లున్నాయి. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాలి. అక్క ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ బురద కాళ్ళతోనే పిల్లలు వచ్చేవాళ్ళు.

ప్రిన్సిపాల్ ముప్పై ఐదేళ్ళ మనిషి. మర్యాదగానే మాట్లాడాడు.

"బాటనీకి పిల్లలు రావట్లేదండి. ఇప్పుడు బయోటెక్నాలజీ పెట్టాం, ఫుల్ డిమాండు. చూశారా?" అని వరండా గోడ చూపించాడు. గోడంతా ఎనామిల్ రంగులతో డి.ఎన్.ఏ. మెలిక వేయించారు. అక్క పుస్తకాల్లో ఆ బొమ్మ చాలాసార్లు చూశాను. గోడ మీద మెలిక ఎదురువైపు తిరిగింది. చెప్పాను.

"పెయింటరు పొరపాటండి," అన్నాడు.

"మరి నమూనాల బీరువాలు?"

"అవి... పాత సామానండి. కోటయ్యని అడగండి."

కోటయ్య అక్క డిపార్టుమెంటులో అటెండరుగా ఉండేవాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"బీరువాలు పాతసామాన్లవాడు పట్టుకుపోయాడమ్మా. లోపలున్న ఆకులూ కాయలూ వెనకాల తగలబెట్టారు."

"ఎవరు?"

"నేనేనమ్మా. తగలబెట్టమన్నారు, తగలబెట్టా. మిరపకాయల అరలు అంటుకున్నప్పుడు మాత్రం హాస్టలు పిల్లలంతా బయటికి పరిగెత్తారు. రెండు రోజులు దగ్గారు."

నాకు నవ్వు రాలేదు. అతనికీ రాలేదు. లోపలికెళ్ళి సైకిలు ట్యూబుతో కట్టిన ఒక రిజిస్టరు తెచ్చాడు. "మేడమ్ రాత గదా అని ఇదొక్కటి ఉంచా. ప్రిన్సిపాల్ గారికి చెప్పకండి."

అందులో ఒక వరస దొరికింది. కాలేజీ భాగం ఆ మంటలో కాలిపోలేదు. 1988లో ఆ ప్రొఫెసర్ గారే పరీక్ష చేయటానికి తీసుకెళ్ళారు. ఆయన సంతకం ఉంది. తిరిగి ఇచ్చిన తేదీ రాయవలసిన గడి ఖాళీగా ఉంది. రిటైరై అద్దంకిలో ఉంటున్నారని కోటయ్యే చెప్పాడు.

మధ్యాహ్నం మిర్చి యార్డుకి వెళ్ళాను. గుంటూరులో పుట్టి పెరిగి, యాభై రెండేళ్ళకి మొదటిసారి లోపలికి వెళ్ళటం. గేటు దాటగానే తుమ్ములు పట్టుకున్నాయి. ఒక కమిషను కొట్టు గుమాస్తా తన తువ్వాలు ఇచ్చి ముక్కుకి కట్టుకోమన్నాడు.

"తాలులో రకాలుంటాయా అండీ?" అని అడిగాను.

"తాలులో రకాలేంటమ్మా? తాలంటే తాలే. మంచి కాయ రేటులో మూడో వంతు పలుకుద్ది. చవక కారం ఆడేవాళ్ళు కొంటారు, రంగు కలుపుతారు." తర్వాత గొంతు తగ్గించి, "మీరు ఇంట్లో ఆడించుకోండి, బజారు కారం కొనబాకండి," అన్నాడు.

ఆయన చుట్టూ వందల బస్తాలున్నాయి. మంచి కాయ బస్తా ప్రతిదీ కోసి చూస్తారు, రంగు చూస్తారు, కాయ విరిచి వాసన చూస్తారు. తాలు బస్తాని ఎవరూ చూడలేదు. నేను అక్కడున్న రెండు గంటల్లో ఒక్కరు కూడా దాని దగ్గర వంగలేదు.

చిలకలూరిపేట

శుక్రవారం. పత్తి ఆఖరి తీతలు నడుస్తున్నాయి. జిన్నింగు మిల్లుల ముందు లారీలు హైవే సగం ఆక్రమించి నిలబడ్డాయి. రోడ్డు పక్క టీ మూడు రూపాయలు. గ్లాసులో పత్తి నూగు తేలింది. తీసేయబోతే టీ కొట్టాయన, "తాగెయ్యండమ్మా, పేటలో టీ అంటే అంతే, లోపలికెళ్ళి పరుపవుద్ది," అన్నాడు.

ఖాదర్ బాషా గారిది విత్తనాలు, పురుగుమందుల కొట్టు. ఆయనకి చేలన్నీ తెలుసు. అక్కని స్కూటరు మీద ఊళ్ళు తిప్పింది ఆయనే. ఒక పెళ్ళికాని లెక్చరరు, ఒక సాయిబు, ఒక స్కూటరు. జనం ఏమన్నారో నాకు తెలుసు. వాళ్ళిద్దరూ పట్టించుకోలేదు.

"పోయిందని ఎవరూ చెప్పలేదమ్మా నాకు," అన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. చెప్పవలసింది నేనే.

నమాజు వేళకి కొట్టు కట్టేసి, నన్ను ఇంటి దగ్గర దింపి మసీదుకెళ్ళారు. ఆయన భార్య దోసకాయ పప్పు, కోడి వేపుడు పెట్టింది. మా ఇంట్లో పప్పులో చింతపండు వేస్తాం, వాళ్ళు నిమ్మకాయ పిండారు. "మేడమ్ ఎప్పుడూ మా ఇంట్లో రెండోసారి పప్పు అడిగేది," అందావిడ. మా ఇంట్లో అక్క ఎప్పుడూ రెండోసారి ఏదీ అడగలేదు.

తిరిగొచ్చాక ఆయన అటక మీద నుంచి బిస్కెట్ల డబ్బా దింపారు. మూత తీశారు. లోపల పాలిథిన్ సంచి, సంచిలో బూడిద రంగు ముద్ద. కాగితం ఉంది, దాని మీద అక్షరాల్లేవు. నీలి సిరా మొత్తం కరిగి ఒక మరక అయింది.

"ఒక తుపానుకి కొట్టులోకి నీళ్ళొచ్చాయమ్మా. తీసి ఎండబెట్టా. బూజు పట్టింది. తెగులు కాయ గదా, పక్కన విత్తనాలకి అంటుకుంటుందని తెగులు మందు కలిపి పెట్టా."

"బూజు నమూనాకి బూజు చంపే మందు కలిపారా?"

"పాడవకుండా ఉంటుందని."

ఆయన నా ముఖం చూసి అర్థం చేసుకున్నారు. డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. "ఇది పారేయమంటారా, ఉంచమంటారా?" అని అడిగారు. నేను జవాబు చెప్పకుండా వచ్చేశాను. ఆ రోజు కోపంలో చేసిన తప్పుల్లో అదొకటి.

అద్దంకి

శనివారం. ప్రొఫెసర్ గారిది డాబా ఇల్లు, ముందు గులాబీ కుండీలు. డెబ్బై ఐదేళ్ళు దాటినా మాట స్పష్టంగా ఉంది. కాఫీ ఇప్పించారు. అక్క పోయిందని చెబితే, "చాలా బాధాకరం, చాలా నిజాయితీ గల మనిషి," అన్నారు. ఉత్తరం ఇచ్చాను. భూతద్దంతో రెండుసార్లు చదివారు.

"ఊఁ. రెండు జాతులా!" అన్నారు. సంతోషంగానే అన్నారు. నాకు ఒళ్ళు మండింది అక్కడే.

"మీరు ఒకటేనని రాశారు."

"అప్పుడు మా దగ్గరున్నది మైక్రోస్కోపేనమ్మా. అందులో ఆ రెండిటికీ తేడా లేదు, ఇప్పటికీ లేదు. ఉన్న సాధనంతో చూసి చెప్పాం. మీ అక్క చెప్పింది తప్పు కాదు. చెప్పిన పద్ధతి తప్పు."

"ఏం తప్పు?"

"ఎవరో కూలిమనిషి కుప్పలు పోస్తే దాన్ని ప్రమాణం అనుకోవటం."

"ఆ కుప్పలు సరైనవేనని డి.ఎన్.ఏ. చెప్పింది కదండీ?"

"అది యాదృచ్ఛికం కావచ్చు కదా."

ఆయన వాదించటం లేదు. పాఠం చెబుతున్నారు. ఎదురుగా ఉన్నది చనిపోయిన మనిషి చెల్లెలని మర్చిపోయారు. కాఫీ కప్పు కింద పెట్టి, కాలేజీ నుంచి తీసుకెళ్ళిన కాయలు ఏమయ్యాయని అడిగాను. కాయల సంగతి ఆయన మరిచిపోలేదు. లేచి, అలమార నుంచి చెక్కపెట్టె తీసి, గాజుపలక ఒకటి వెలుతురుకి పట్టి చూపించారు. పలక మధ్య నీలంగా చిన్న చుక్క.

"రంగు వేసి మరిగించి తీసిన స్లైడు. చాలా బాగా వచ్చింది. కొడవళ్ళు ఎంత స్పష్టంగా ఉన్నాయో."

"మిగతా కాయలు?"

"స్లైడు వచ్చాక కాయలెందుకమ్మా? పారేసి ఉంటాం."

మరిగించి రంగు వేసిన దాంట్లోంచి హైదరాబాదు వాళ్ళు ఏమీ తీయలేరు. ఉత్తరంలోనే ఉంది. స్లైడు తీసుకెళ్ళమన్నారు. వద్దన్నాను. గేటు దాకా వచ్చి, "వాళ్ళు పత్రం రాస్తే ఒక కాపీ పంపించమనండి, నా అభిప్రాయం కూడా ఉంటే బాగుంటుంది," అన్నారు.

గులాబీ కుండీ ఒకటి నా కాలికి తగిలి పడింది. కావాలని తన్నలేదు. లేపి నిలబెట్టనూ లేదు.

సంతమాగులూరు అడ్డరోడ్డు

అక్కడ బస్సు మారాలి. దిగుతుంటే చెప్పు తెగింది. కుట్టేవాడు భోజనానికి వెళ్ళాడు, వచ్చేలోగా బస్సు వెళ్ళిపోయింది. గంటన్నర కూర్చున్నాను. పక్కన పత్తి తీతకి వెళ్ళొస్తున్న నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళలో ఒకామె నా కాళ్ళు చూసి, "పట్నం చెప్పు పల్నాడు దాకా రాదక్కా," అంది. మిగతావాళ్ళు నవ్వారు. అద్దంకి వదిలాక నేనూ మొదటిసారి నవ్వాను.

వాళ్ళ ఒడుల్లో పత్తికాయ తొక్కులున్నాయి, పొయ్యిలోకి. వేళ్ళ చివర్లు చీలి ఉన్నాయి. తాలు గురించి అడిగాను. కూలి డబ్బుతో పాటు ఏరిన తాలులో కొంత తమకి పోస్తారని, తాము తినే కారం అదేనని చెప్పారు. ఈ సంగతి అక్క పత్రికలో రాయలేదు. నోటుపుస్తకంలోనూ లేదు. అక్కకి తెలియక కాదని నాకు మర్నాడు తెలిసింది.

వినుకొండ అవతల

ఊరి పేరు రాయటం లేదు. మరియమ్మ వద్దంది.

ఆదివారం. గుడిసెల మధ్య చర్చిలో మైకు పెట్టి పాడుతున్నారు. ప్రార్థన అయ్యాక పాస్టరు గారి భార్య నన్ను మరియమ్మ ఇంటికి తీసుకెళ్ళింది. మరియమ్మకి అరవై ఐదేళ్ళుంటాయి. సన్నటి మనిషి. ఎడమ కంటికి పొర వచ్చింది.

"టీచరమ్మ చెల్లెలివా? ముక్కు అదే," అంది. అక్క పోయిందని చెప్పాను. లేచి పొయ్యి ముట్టించింది. "ముందు తిను."

జొన్నన్నం, గోంగూర పచ్చడి, మజ్జిగ పెట్టింది. నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. గుంటూరులో మేం కుళాయి పది నిమిషాలు ముందు ఆగిందని తిట్టుకుంటాం. అక్కడ ట్యాంకరు రెండు రోజులకొకసారి వస్తుంది, మరియమ్మ నాకు రెండో గ్లాసు అడగకుండానే ఇచ్చింది. పచ్చడి నాలుక మీద పెట్టుకోగానే కళ్ళ నీళ్ళొచ్చాయి.

"కారం ఎక్కువైందా? ఇది మంచి తాల్లే. చేదు తాలు కాదు."

అప్పుడు అడిగాను, రెండు కుప్పలు ఎందుకు పోసేదని.

"ఎందుకంటే? తినాల కదమ్మా! ఒక తాలు రంగే పోద్ది, కారం కారంలానే ఉంటది. ఇంకోటి గింజ నల్లబడుద్ది. దాని కారం తింటే గొంతు పట్టేసుద్ది, పిల్లలకి కడుపునొప్పి. పైకి రెండూ ఒకటే. తొడిమ దగ్గర నొక్కితే తెలుసుద్ది. రైతుకెందుకు తెలుస్తది? ఆయన తాలు తింటాడా?"

ప్రొఫెసర్ గారి యాదృచ్ఛికం ఇది. తాలు తినేవాళ్ళకే తాలులో తేడా అవసరమైంది. తినని వాళ్ళు పుస్తకాలు రాశారు. తినేవాళ్ళ సంగతి రాస్తే ఇంకా నవ్వుతారని అక్క దాచి ఉంటుంది. ఆమె మీద కూడా కోపమొచ్చింది నాకు. చచ్చిపోయినవాళ్ళ మీద కోపం వస్తే ఏం చేయాలో నాకు తెలియదు.

పొట్లం అడిగాను. మరియమ్మ ముఖం వెలిగింది. బైబిలు పక్కన ఉన్న రేకు పెట్టె తెరిచి, పాత పెళ్ళి శుభలేఖ కవరు తీసింది. అందులో అక్క చేతిరాతతో చీటీ. తేదీ, ఊరు, నమూనా నంబరు, సంతకం, ఏదీ చెదరలేదు. చీటీతో పాటు పన్నెండు కాయలు. తెల్లబడ్డ తాలు, గట్టిగా, పొడిగా, పురుగు ముట్టకుండా.

పద్దెనిమిదేళ్ళ కాయ ఇంత బాగా ఉంటుందా అనుకున్నాను. అనుకుని, ఒక కాయ తీసి వాసన చూశాను. ఘాటుగా ఉంది.

"మరియమ్మా, ఇవి అప్పటివేనా?"

"అప్పటియి ఎట్టా ఉంటాయమ్మా? కాయ రెండేళ్ళకే పొడైపోద్ది. టీచరమ్మ ఏమంది? 'ఇది పాడవకుండా చూడు, ఎప్పటికైనా ఎవరన్నా అడుగుతారు' అంది. ఏటా కొత్త తాలు వచ్చినప్పుడు చేదుయి పన్నెండు ఏరి పెట్టి, పాతయి తీసేశా. విత్తనమైనా అంతే గదా, ఏటా తిప్పకపోతే చచ్చిపోద్ది. ఒక్క ఏడు గూడా తప్పలా. మా ఆయన పోయిన ఏడు గూడా."

ఆమె మెప్పు కోసం చూస్తోంది. నేను ఏమన్నానో ఇక్కడ రాయాలి. "ఎవరు మార్చమన్నారు నిన్ను? నువ్వు ముట్టుకోకుండా ఉంటే అక్క పేరు ఉండేది. నీ పేరు కూడా ఉండేది. మొత్తం పాడుచేశావు." కేక వేశాను. పక్క ఇళ్ళవాళ్ళు వచ్చి నిలబడ్డారు.

నేనన్న పేరు ఏమిటో, ఎక్కడుందో మరియమ్మకి తెలియదు. అక్క ఆ సంగతి ఆమెకి ఎన్నడూ చెప్పలేదట. పేరు నిలిచాక చెబుదామనుకుందేమో. మరియమ్మ నెమ్మదిగా అంది: "పద్దెనిమిదేళ్ళల్లో ఒక్కరన్నా వచ్చి, ముట్టుకోబాకే అని చెప్పారా? టీచరమ్మ గూడా ఏడాదికే రావటం మానేసింది. నాకేం తెలుసు?"

నిజమే. స్టాఫ్ రూములో ఆ పేరుతో పిలవటం మొదలయ్యాక అక్క ఈ ఊరు రాలేదు.

మరియమ్మ కొడుకు ఏసోబు లారీలకి బస్తాలెత్తుతాడు. జరిగింది విని, కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికింత గొడవెందుకండీ? చీటీ టీచరమ్మది, కాయ అదే రకం. పంపించెయ్యండి. ఆ బూజు ఏమన్నా నోరు తెరిచి చెప్పుద్దా నేను మొన్న పుట్టానని?" అన్నాడు.

చెప్పదు. డి.ఎన్.ఏ.లో వయసు కనిపించదు. చీటీ అసలైంది, కాయలోని జీవి అసలైంది. పంపితే సరిపోలుతుంది. అక్క పేరు నిలుస్తుంది, మరియమ్మ పేరు పుస్తకాల్లోకి ఎక్కుతుంది, అద్దంకిలో ఆయనకి ఒక కాపీ వెళుతుంది. ఎవరికీ నష్టం లేదు. అరుగు మీద కూర్చుని సాయంత్రం దాకా అదే ఆలోచించాను. అక్క ముప్పై ఏళ్ళు రాసిన చీటీల్లో ఒక్క తేదీ తప్పు లేదు. ఆ చీటీనే పెట్టి అబద్ధమాడటం నా వల్ల కాలేదు. ఇది గొప్ప పని అని రాయటం లేదు. ఆ నిజాయితీ వల్ల ఎవరికీ మేలు జరగలేదు.

బయల్దేరేటప్పుడు మరియమ్మకి క్షమాపణ చెప్పాను. "పోనీలేమ్మా, చచ్చిన మనిషి కోసం అరిచావు," అంది. కవరు మొత్తం నా చేతిలో పెట్టింది. ఒక కాయన్నా ఉంచుకోమన్నాను. వద్దంది.

వినుకొండ పోస్టాఫీసు

సోమవారం పొద్దున పది దాటాక పార్సిలు కట్టాను. ఉత్తరంలో ఉన్నదున్నట్టు రాశాను. మా అక్క లేదు. ఇవి అసలు కాయలు కావు. 1987లో ఏరిన మనిషే ఏటా అదే జాతి ఏరి మారుస్తూ వచ్చింది. ఆమె పేరు మరియమ్మ. పార్సిలు తూచిన గుమాస్తా తుమ్మి, "లోపల కారమా?" అన్నాడు. కాదు, తాలు అన్నాను. "తాలుకి రిజిస్టరు పోస్టా!" అన్నాడు. రసీదు తీసుకుని బస్సెక్కాను.

జవాబు

ఏప్రిల్లో వచ్చింది. పన్నెండు కాయల్లోనూ రెండో జాతే ఉంది. ఒక్కటి కూడా తప్పు లేదు. తమ దగ్గర ప్రయోగశాలలో చదువుకున్నవాళ్ళు కంటితో ఏరితే సగం తప్పులొచ్చాయని ఉత్తరం రాసిన అమ్మాయి ఒప్పుకుంది.

అసలు నమూనా లేనప్పుడు దాని బదులు ఇంకొకటి ఎన్నుకునే వీలు నిబంధనల్లో ఉందట. తను అదే అడిగిందట. వాళ్ళ డైరెక్టరు ఒప్పుకోలేదు. 1987 వర్ణన చదివితే రెండు జాతుల్లో దేనికైనా సరిపోతుంది, కాబట్టి ఆ పేరు సందేహాస్పదం, కొత్త పేరే మంచిదన్నాడట. కొత్త పేరు డైరెక్టరు గారి గురువుది. ఆయన జన్మలో మిరప చేను చూశాడో లేదో నాకు తెలియదు. కొత్త పేరుకి మూల నమూనాగా మరియమ్మ ఏరిన కాయల్లో ఒకటి పెట్టారు. ఉత్తరానికి జత చేసిన పత్రం కాపీలో, చివర కృతజ్ఞతల్లో అక్క పేరుంది. మరియమ్మ ఉండవలసిన చోట "స్థానిక వ్యవసాయ కూలీలు" అని ఉంది.

ఆ పత్రం నేను అద్దంకి పంపలేదు. డైరెక్టరుకి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. నాలుగోది ఇది, మీరు చదువుతున్నది.

ఆ అమ్మాయి ఇంకోటి అడిగింది. వచ్చే ఏడు పంటకి కూడా ఆ పెద్దావిడ అట్లాగే ఏరి పంపగలదా అని. ఏటేటా అదే చేత్తో ఏరిన కాయలు ఎక్కడా లేవట, పాతవి పారేసి ఉండకపోతే ఎంత బాగుండేదో అని కూడా రాసింది. మరుసటి ఫిబ్రవరిలో ఆ ఊరి ఎస్.టి.డి. బూతుకి ఫోను చేసి ఏసోబుని పిలిపించాను. తల్లిని అడిగి, అరగంట తర్వాత మళ్ళీ లైన్లోకి వచ్చాడు.

"ఏరనంటందండీ. నేను ముట్టుకుంటే పాడవుద్ది, వద్దులే అంటంది."

నేను మాట్లాడతానన్నాను. ఆమె బూతు దాకా రాలేదు. మిగతాది ఏసోబే చెప్పాడు.

మరియమ్మ ఇప్పుడు ఇంటి కారానికి కూడా తాలుని వేరు చేయటం లేదు.